సర్కారు ఖర్చుతో నా మొదటి క్వార్టరు

ఆ రోజుల్లో నేను చాలా మంచివాణ్ణి. ఈ మాట గొప్పకు చెప్పుకోవడం లేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో చెడిపోవాలంటే కాస్త డబ్బు, కాస్త ధైర్యం, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కావాలి కదా, నాకు ఆ మూడింట్లో ఒక్కటీ లేదు. అందుకని మంచివాడిగా మిగిలిపోయాను. అలా మిగిలిపోయినందుకు లోలోపల గర్వపడుతూ ఉండేవాణ్ణి కూడా. బస్సులో పక్క సీటువాడి దగ్గర మందు వాసన వస్తే ముక్కు మూసుకుని, అతను చూసేదాకా అలాగే ఉండేవాణ్ణి. అతను చూడకపోతే నాకు ఆ ప్రయాణం దండగ అనిపించేది.

మాది జమ్మలమడుగులో మిషన్ కాంపౌండు పక్క వీధి. మా ముత్తాతకు ఎవరో దొరగారు బాప్తిస్మమిచ్చి బడిలో కూర్చోబెట్టారట. అప్పటి నుంచి మా ఇంట్లో మగవాళ్లు బడిలో కూర్చోవడం, పెద్దయ్యాక ఇంకొకరిని కూర్చోబెట్టడం తప్ప వేరే పని చేసి ఎరగరు. మా నాయన కూడా తెలుగు అయ్యవారుగా పనిచేసి రిటైరయ్యాడు. (మా వైపు కన్నతండ్రిని 'రిటైరయ్యారు' అని రాస్తే, ఏమైందిరా, ఇంట్లో మాటల్లేవా అని అడుగుతారు. అందుకే ఏకవచనం.) రిటైరయ్యాక చర్చిలో మద్యనిషేధ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. జీతం లేని ఉద్యోగం కాబట్టి రెట్టింపు శ్రద్ధతో చేసేవాడు. అలాంటి ఇంటి నుంచి నేను వెళ్లి చేరిన ఉద్యోగం ఏమిటంటే, ప్రొద్దుటూరులో మద్యం దుకాణాల, బార్ల లైసెన్సుల వ్యవహారం చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరు. చర్చిలో ఎవరైనా అడిగితే అమ్మ 'కంప్యూటరాఫీసులో' అని చెప్పి మాట మార్చేసేది. నాయన మాత్రం తల ఎత్తి, 'బార్లోళ్లను అదుపులో పెట్టే ఆఫీసులో' అనేవాడు. నేను అదుపులో పెట్టింది ఒక పాత ప్రింటర్ని మాత్రమే, అది కూడా పూర్తిగా కాదు.

రాష్ట్రం రెండయిన తర్వాతి సంగతి ఇది. అప్పట్లో ప్రొద్దుటూరులో ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా రెండు బార్లు ఉండేవి. ఒకటి మేడ మీద, ఒకటి కింద. ఊళ్లో జనం బోర్డుల మీది పేర్లు ఎప్పుడో మరిచిపోయి మేడబారు, నేలబారు అని పిలిచేవాళ్లు. (నేలబారు అన్నది ఎత్తును బట్టి పెట్టిన పేరే గానీ అక్కడి సరుకును బట్టి కాదు. సరుకు రెండు చోట్లా ఒకటే.) మేడబారు బావది, నేలబారు బావమరిదిది. బావమరిది కూతురి ఓణీల పండుగలో బావగారికి మొదటి బంతిలో ఆకు వేయకుండా రెండో బంతిలో వేశారట. అక్కడ మొదలైంది. మర్నాడు మేడబారులో క్వార్టరుకు ఒక ఉడికిన గుడ్డు ఉచితం. ఆ మర్నాడు నేలబారులో గుడ్డుతో పాటు ధరలో కోత. మేడబారు ఇంకొంచెం కోసింది, నేలబారు ఇంకా కోసింది. చివరికి సీసా మీద అచ్చయిన ధరకన్నా తక్కువకు, చల్లటి గదిలో కూర్చోబెట్టి, ఉల్లిపాయ ముక్కలతో సహా మందు పోసే రోజులు వచ్చాయి. రాజుపాలెం నుంచి మోటారు సైకిళ్ల మీద వచ్చేవాళ్లు, పులివెందుల నుంచి ఏదో ఒక పని కల్పించుకుని బస్సులెక్కి వచ్చేవాళ్లు. ఆ వేసవిలో ప్రొద్దుటూరు మీద అందరికీ ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

ఇది పైవాళ్ల చెవిన పడింది. బార్లలో గానీ రెస్టారెంట్లలో గానీ నిర్ణయించిన కనీస ధరకు, అంటే సీసా మీద అచ్చయిన ధరకు, తక్కువగా మద్యం అమ్మరాదని, అమ్మితే లైసెన్సు సస్పెండు చేస్తామని ఒక ఉత్తర్వు వచ్చింది. దాన్ని టైపు చేసింది నేనే, కాపీలు తీసి బార్ల గోడల మీద అంటించింది మా హెడ్డు కానిస్టేబులు. ఆయన్ని మేమంతా మీసాల మామ అనేవాళ్లం. ఎక్కువ ధరకు అమ్మితే నేరమని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తక్కువకు అమ్మినా నేరమేనన్న సంగతి ఎవరికీ మింగుడుపడలేదు. ఆఫీసు ముందు టీ అంగడిలో ఒకాయన మీసాల మామను నిలదీశాడు.

"ఎక్కువకమ్మితే కేసు, సరే. తక్కువకిస్తే కేసేందప్పా? రేపు ఎవుడన్నా ఉత్తగా పోసినాడనుకో, ఉరిశిక్ష ఏస్తారా?"

మామ మీసం దువ్వుకుని, "పైనుంచి వచ్చిండాది, మనదేముంది?" అని టీ తాగాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ ఉత్తర్వు అర్థం కాలేదు. అర్థం కాకుండానే తప్పుల్లేకుండా టైపు చేశానని మాత్రం సంతోషించాను.

అర్థమైంది ఒక ఉత్తరం వచ్చాక. తపాలా విప్పడం కూడా నా పనే. ఒకరోజు ఒక కవరు చించితే లోపల అరఠావు కాగితం మీద గుండ్రటి అక్షరాలు, అచ్చు వేసినట్టు. ఎక్కడా కొట్టివేత లేదు, ఒక్క ఒత్తు కూడా తన గీత దాటి పోలేదు. కింద 'ఇట్లు, ఒక బాధ్యత గల పౌరుడు' అని ఉంది. ఆ పౌరుడు ఎవరో నాకు మొదటి అక్షరంలోనే తెలిసిపోయింది. ఆ చేతిరాత కోసం నేను చిన్నప్పుడు తిన్న దెబ్బలు నా వేలి కణుపులకు ఇంకా గుర్తున్నాయి. నాయన అర్జీలో మా వీధి మేస్త్రి గురించి రాశాడు. అతను వారానికి ఒక్క శనివారం, కూలి చేతికి అందాక తాగేవాడు. ఇప్పుడు చవక అయిందని బస్సెక్కి వెళ్లి వారానికి నాలుగు రోజులు తాగుతున్నాడు. బస్సు చార్జీ పోను కూడా మిగులుతోందని భార్యకు నచ్చచెబుతున్నాడు. 'ఆ మిగులు ఎక్కడున్నదో చూపమని అడిగిన పాపమునకు ఆమె దెబ్బలు తిని, పిల్లలతో వేముల గ్రామములోని పుట్టింటికి పోయినది. ధర తగ్గించుట ప్రజలకు మేలని తలచువారు ఒకసారి మా వీధికి వచ్చి ఆ తాళము వేసిన తలుపును చూడవలెను' అని ముగించాడు. మేస్త్రి భార్యను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. వారం నుంచి ఆ తలుపుకు తాళం ఉన్న మాట నిజమే (మేస్త్రి పనిచోటే పడుకునేవాడు), రోజూ దాని ముందు నుంచే బస్సుకు పరుగెత్తేవాణ్ణి. ఊరికి పోయిందేమో అనుకున్నానే తప్ప ఎందుకని అడగలేదు. ఉత్తర్వు టైపు చేసిన చేతుల్తోనే ఆ అర్జీని పట్టుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను.

అర్జీని ఆఫీసరుగారి ముందు పెట్టాను. రాసింది మా నాయనని చెప్పలేదు. ఆఫీసరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ప్రతి మాటకూ ముందొక సెక్షను, వెనకొక సబ్‌సెక్షను తగిలించేవాడు కాబట్టి చాటుగా సెక్షన్ సారు అనేవాళ్లం. ఆయన అర్జీ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఈ పౌరుడెవరో గానీ, మన ఆఫీసులో ఒక్కడికైనా ఇలా రాయడం వచ్చా?" అన్నాడు. నా ఛాతీ వెడల్పయింది. తర్వాతి మాటకు మళ్లీ ముడుచుకుపోయింది. "పట్టుకోవాలంటే మామూలు మనిషిలా వెళ్లి కొనాలి, బిల్లు తీసుకోవాలి. మనవాళ్ల మొహాలన్నీ బార్లవాళ్లకు తెలుసు. నువ్వెళ్లు."

"నేనా సార్?"

"నీ మొహం చూస్తే ప్రభుత్వం గుర్తొస్తుందా ఎవరికైనా?"

శిక్షణ బాధ్యత మీసాల మామకు పడింది. టీ అంగడి బల్ల మీద ఖాళీ గ్లాసు పెట్టి, ఎదురుగా తానే వెయిటరై కూర్చున్నాడు.

"ఏం కావాల?"

"ఒక క్వార్టరు."

"బ్రాందీనా, విస్కీనా?"

"ఏది ఒంటికి మంచిదైతే అది."

"టానిక్కు కొనేదానికి పోతాండావా అబ్బీ? బ్రాందీ అను. ఊ, నీళ్లా, సోడానా?"

"రెండూ వద్దు మామా, ఖర్చెందుకు?"

మామ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. తర్వాత అరగంట సేపు నాకు తాగేవాడిలా కూర్చోవడం, తాగేవాడిలా పిలవడం, తాగేవాడిలా మోచేయి ఆనించడం నేర్పించాడు. ఆ అరగంటలో నేను నేర్చుకున్నది ఒక్కటే, మామకు ఈ విద్యలో మంచి పట్టు ఉందని. పథకం మాత్రం సులువే. నేను నేలబారులో కిటికీ పక్కన కూర్చోవాలి. క్వార్టరు తెప్పించుకోవాలి, తాగకూడదు. తక్కువ ధరకు రాసిన బిల్లు చేతికి రాగానే కిటికీలోంచి చేతిరుమాలు ఊపాలి. ఎదురుగా బేకరీలో కాచుకుని ఉన్న సారూ, మామా వచ్చి పట్టుకుంటారు. ఖర్చుకు సర్కారు సొమ్ము ఇచ్చారు, నోట్ల నంబర్లు రాసిపెట్టుకుని మరీ.

మధ్యాహ్నం ఒంటిగంటకు లోపలికి వెళ్లాను. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, లోపల చల్లగా, చీకటిగా, చింతపండు పులిసిన వాసనతో ఉంది. అరవై ఏళ్లు దాటిన వెయిటరు ఒకాయన భుజం మీద తువ్వాలుతో వచ్చి నిలబడ్డాడు. మా పక్కింటి తాతలా ఉన్న ఆ మొహం చూడగానే మామ నేర్పించిందంతా మరిచిపోయాను.

"బ్రాందీ ఒక క్వార్టరు. కనీస ధర ఎంత?"

"ఏంది నాయనా?"

"అదే, ధర ఎంత అని."

"భయపడాకు, శానా తక్కువలే. కూచో."

సీసా వచ్చింది, గ్లాసు వచ్చింది, నీళ్లు వచ్చాయి, పల్లీలు వచ్చాయి. ఆయనే మూత తిప్పి, గ్లాసులో కొంచెం పోశాడు. నేను గంభీరంగా, "బిల్లు తీసుకురా తాతా" అన్నాను.

"తాగకుండా బిల్లేంది?"

"నాకు ముందే కట్టేసే అలవాటు."

"ఈడ ఆ పద్ధతి లేదు నాయనా. తగ్గించిన ధర ఈడ కూచోని తాగేటోళ్లకే. కొందరు సీసా జోబీలో పెట్టుకోని పోయి పల్లెల్లో అమ్ముకుంటాండారు. కాబట్టి ఖాళీ సీసా చూసినాకనే మా ఓనరు బిల్లు రాస్తాడు."

సెక్షన్ సారు పథకంలో ఈ సబ్‌సెక్షను లేదు. కిటికీలోంచి బేకరీ వైపు చూశాను. మామ పఫ్ తింటూ, ఊపు ఊపు అన్నట్టు సైగ చేస్తున్నాడు. ఏం ఊపను? పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి. వెయిటరు అటూ ఇటూ తిరుగుతూ ప్రతిసారీ నా గ్లాసు వైపు చూసి పోతున్నాడు. కేసు పోతుంది, ఉద్యోగం పోతుంది, నాయన అర్జీ చెత్తబుట్టలోకి పోతుంది, అక్క తలుపుకు తాళం అలాగే ఉంటుంది. ఒక క్వార్టరే కదా, మందులా మింగేద్దాం అని గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. ఏది నోట్లో పెట్టుకునే ముందైనా కళ్లు మూసుకోవడం మా ఇంట్లో పుట్టినప్పటి నుంచి అలవాటు. అలవాటుగా మూసుకున్నాను. 'ప్రభువా, నీవు దయచేసిన ఈ ఆహారమును' దాకా వచ్చేశాక, దేన్ని దీవించమని అడుగుతున్నానో గుర్తొచ్చి ఉలిక్కిపడి ఆపేశాను. కళ్లు తెరిస్తే వెయిటరు ఎదురుగా ఉన్నాడు.

"ఏం నాయనా, ప్రార్థన చేస్తాండావా?"

"లేదు, తలనొప్పి."

"మొదటిసారా?"

"కాదు. రోజూ" అని, ఒక్క గుక్కలో గ్లాసు ఎత్తేశాను.

ఆ తర్వాత గొంతులో ఏం జరిగిందో చెప్పడం కష్టం. గన్నేరు కట్టెలతో ఎవరో పొయ్యి రాజేసినట్టయింది. దగ్గాను, కళ్లల్లో నీళ్లు, ముక్కులోంచి బ్రాందీ. ఆ పెద్దాయన తన తువ్వాలుతో నా మూతి తుడిచి, వీపు నిమిరి, "మెల్లగ నాయనా, నీళ్లు కలుపుకోవాల. ఈ గుడ్డు తిను. ఖాళీ కడుపుతో తాగొద్దు" అన్నాడు. ఆ ఉద్యోగంలో చేరాక నాతో అంత ప్రేమగా మాట్లాడిన మనిషి ఆయనే. ఆ ప్రేమకు తట్టుకోలేక రెండో గ్లాసు తాగాను. మూడోది ఎందుకు తాగానో నాకు తెలియదు. సీసాలో ఉంది కాబట్టి అనుకుంటాను.

మూడోదాని తర్వాత లోకం చాలా తేటగా కనబడింది. టైపు చేసినప్పుడు అర్థం కాని ఉత్తర్వు మొత్తం వాక్యం వాక్యంగా అర్థమైపోయింది. సరిగ్గా అప్పుడే వెయిటరు బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అచ్చు ధరకన్నా తక్కువే వేశారు, తేదీతో సహా. నేను చేయాల్సిందల్లా రుమాలు తీసి ఊపడం. కానీ బిల్లు చూడగానే నాకు మేస్త్రి కనబడ్డాడు, బస్సు చార్జీ పోను మిగిలింది అని నవ్వుతూ. అక్క కనబడింది. అయ్యవారి కొడుకువై ఉండి నువ్వూ తక్కువకే తాగావా అని ఎవరో నిలదీసినట్టయింది. లేచాను. కుర్చీ పడిపోయింది, నేను పడలేదు. నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్లి ఓనరు ముందు బిల్లు పెట్టాను.

"ఇది తప్పు."

నేలబారు ఓనరు లావుపాటి మనిషి, నిదానస్తుడు. బిల్లు తిరగేసి చూశాడు. "ఏం తప్పప్పా? ఎక్కువేసినామా?"

"తక్కువేశారు. నేను ఒప్పుకోను. అచ్చేసిన ధర తీసుకోండి."

"తగ్గించిందే నీకోసం గదప్పా!"

"నాకు తగ్గింపు అక్కర్లేదు! మీరు తగ్గించే ప్రతి రూపాయికీ ఒక తలుపుకు తాళం పడుతోంది!"

 మూల బల్ల దగ్గర ఒకాయన గ్లాసు దించి నా వైపు తిరిగి కూర్చున్నాడు. ఓనరు వెయిటరు వైపు చూసి, "యాడోడప్పా వీడు? తగ్గిస్తే వద్దని కొట్లాడే తాగుబోతును నేనింతవరకు చూల్యా" అన్నాడు. తర్వాత కళ్లు చిన్నవి చేసుకుని నన్నడిగాడు. "నిజం చెప్పు, మా బావ పంపినాడా నిన్ను?"

"నన్నెవరూ పంపలేదు!" అన్నాను రోషంగా. "అదిగో, ఆ బేకరీలో సారున్నాడు, పక్కన మీసాల మామ ఉన్నాడు. కావాలంటే పిలిచి అడగండి. వాళ్లెవరూ నన్ను పంపలేదు."

ఓనరు కిటికీలోంచి బేకరీ వైపు చూశాడు. నా వైపు చూశాడు. నిదానస్తుడనుకున్న ఆ మనిషి రెప్పపాటులో పాత బిల్లు చించి నోట్లో వేసుకున్నంత పని చేశాడు. కొత్త బిల్లు మీద అచ్చు ధర వేసి, సంతకం చేసి, ముద్ర గుద్ది, రెండు చేతులతో నాకిచ్చి, "నువ్వు చెప్పిందే న్యాయం నాయనా" అన్నాడు. సర్కారు సొమ్ము చాలకపోతే తక్కువపడింది నా జేబులోంచి ఇచ్చాను. ఆ తర్వాత విజయగర్వంతో కిటికీ దగ్గరికి వెళ్లి రుమాలు ఊపాను. చాలాసేపు ఊపాను. రోడ్డు మీద పోయే ఆటో ఒకటి ఆగింది కూడా.

సారూ, మామా పరుగున వచ్చారు. "ఎవరూ కదలొద్దు" అని సారు గొంతు సవరించుకున్నాడు. నేను బిల్లు అందించాను. ఆయన చదివాడు. కళ్లజోడు తీసి మళ్లీ చదివాడు. సీసా తెప్పించి అచ్చు ధర చూశాడు, బిల్లు చూశాడు, చివరికి నన్ను చూశాడు. ఓనరు చేతులు కట్టుకుని వినయంగా, "మేము రూలు ప్రకారమే అమ్ముతాండాం సార్. మీరు పంపిన అబ్బే సాక్ష్యం" అన్నాడు. మామ తన మీసాన్ని పళ్ల మధ్య పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అని నాకు జాలేసింది.

నా పతనానికి ఇంతటితో ముగింపు అనుకుంటే పొరపాటు. గుమ్మంలో తెల్ల చొక్కా, చేతిలో గొడుగుతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మా నాయన. అర్జీ ఏమైందో కనుక్కుందామని జమ్మలమడుగు నుంచి మా ఆఫీసుకు వస్తే, వాచ్‌మన్ "సార్లందరూ నేలబారు కాడ ఉండారు, పొండి" అన్నాడట. బతుకులో మొదటిసారి బారు గడప దగ్గర నిలబడిన మా నాయన, లోపల కౌంటరును పట్టుకుని ఊగుతున్న తన కొడుకును చూశాడు. నేను కూడా చూశాను. బుద్ధిగా నిలబడి, చర్చిలో పెట్టినట్టు రెండు చేతులూ జోడించాను.

"వందనాలు నాయనా. బాధ్యత గల పౌరుడా, నీ అర్జీ మీద చర్య తీసుకున్నాం."

ఆ విధంగా, ఎవరికీ తెలియకూడదని పేరు రాయకుండా అర్జీ పెట్టిన మనిషిని, ఎవరి మీద పెట్టాడో వాళ్ల కౌంటరు ముందే నేను పరిచయం చేశాను. సారు నోరు తెరిచాడు. ఓనరు మొహం మారింది. నాయన గొడుగు ముడిచి లోపలికి వచ్చాడు. నన్ను కొడతాడనుకున్నాను. నా వైపు చూడనే లేదు, ఓనరు ఎదురుగా నిలబడ్డాడు. గొంతు బడిలో పాఠం చెప్పినట్టు ఉంది.

"అవునప్పా, రాసింది నేనే. మీ మీద నాకేం పగ లేదు. మా వీధిలో మేస్త్రి ఈడికి రోజు మార్చి రోజు వస్తాండాడు. ఆయప్ప పెండ్లాం పిల్లకాయలను పిలుచుకోని వేములకు పోయింది. మీ బావకూ మీకూ ఏమున్నా ఎదురెదురుగా కూచోని తిట్టుకోండి, కొట్టుకోండి. మందు పోసి తీర్చుకోవాకండి. మధ్యలో మా వీధి పోతాంది."

 వెయిటరు పెద్దాయన మెల్లగా అన్నాడు. "ఆ మేస్త్రి నాకు తెలుసప్పా. మూల బల్ల. నేను గూడ చెప్తానే ఉండా ఇంటికి పోరా అని." ఓనరు తల దించుకుని కౌంటరు మీద లేని తడిని చేత్తో తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే, "అయ్యోరూ, అబ్బిని నీడలో పిలుచుకోని పొండి. ఎండకు ఇంకా ఎక్కుతాది" అన్నాడు.

జమ్మలమడుగు బస్సులో నాయన నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఊరు దాటాక ఆ కిటికీ నాకు బాగా పనికొచ్చింది. సగం దారిలో మత్తు కాస్త దిగి, బదులుగా సిగ్గు ఎక్కింది. "డ్యూటీ నాయనా" అన్నాను.

"డ్యూటీలో ఎంత తాగమన్నారు?"

"అసలు తాగొద్దన్నారు."

నాయన గొడుగును మోకాళ్ల మధ్య సర్దుకున్నాడు. ఆ తర్వాత బయట పొలాల వైపు చూస్తూ అడిగాడు. "పూర్తి ధర ఎందుకు కట్టినావురా? బిల్లు తీసుకోని గమ్మున ఊపింటే అయిపోయేది గదా?"

"తక్కువకు కొనేది తప్పు గదా నాయనా. నువ్వే రాసినావు గదా."

నాయన నా వైపు తిరిగి చూశాడు. మొహం గంభీరంగానే పెట్టాడు గానీ కడుపు కదలడం మొదలైంది. గొడుగు పిడి మీద నుదురు ఆనించి, శబ్దం రాకుండా, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. కండక్టరు వచ్చి, "ఏమైంది పెద్దాయనా, ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?" అని అడిగాడు. ఇంటికి వెళ్లగానే అమ్మ నా వాలకం చూసి గుమ్మంలోనే ఆపింది. ఏమైందని అడిగింది. బతుకంతా అబద్ధమాడిన పిల్లలను బెంచీ ఎక్కించిన మా నాయన, చెప్పులు విడుస్తూ, తల ఎత్తకుండా, "వడదెబ్బ" అన్నాడు. అమ్మ వాసన పట్టిందో లేదో ఇప్పటికీ తెలియదు. మజ్జిగ మాత్రం ఇచ్చింది. ఆ రాత్రి ప్రార్థనలో నాయన రోజుకన్నా ఎక్కువసేపు మోకాళ్ల మీద ఉన్నాడు.

మర్నాడు సెక్షన్ సారు నాకు మెమో ఇవ్వాలని నిర్ణయించాడు. ఆఫీసులో టైపు చేసేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నా మెమో నేనే టైపు చేసుకుని, సంతకానికి పెట్టి, అవుట్‌వర్డు రిజిస్టరులో ఎక్కించి, నాకు నేనే అందజేసుకున్నాను. సంజాయిషీ ఇంట్లో రాశాను. నాయన అందులో మూడు అక్షరదోషాలు దిద్ది, 'మద్యమును సేవించితిని' అన్న చోట 'సేవించవలసి వచ్చినది' అని మార్చాడు. ఆ ఒక్క మార్పే నా ఉద్యోగాన్ని కాపాడిందని నా నమ్మకం. మామ మాత్రం ఆ తర్వాత నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు. 'ఏం పూర్తి ధరా, టీ తాగుదామా?' అనేవాడు.

కేసు లేదు, సస్పెన్షన్ లేదు. అయినా పది రోజుల్లో రెండు బార్లలోనూ ధరలు యథాస్థానానికి వచ్చేశాయి. బావమరిది స్వయంగా మేడ మెట్లెక్కి వెళ్లాడని, బావగారిని ఇంటికి పిలిచి మొదటి బంతిలో ఆకు వేసి భోజనం పెట్టాడని మామ చెప్పాడు. నాయన మాటలకు కరిగాడో, నాలాంటివాళ్లను ఇంకెంతమందిని పంపుతారో అని భయపడ్డాడో నేను చెప్పలేను. మేస్త్రి తాగుడు మానలేదు. మళ్లీ శనివారానికి వచ్చాడు. అక్క రెండు నెలలు ఆగి, వాళ్ల అన్నను వెంటబెట్టుకుని వచ్చి తాళం తీసింది. ఆ రోజు నాయన వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నట్టు నటిస్తూ, ఆమె వాకిలి ఊడ్చి ముగించేదాకా అలాగే కూర్చున్నాడు.

తర్వాత నేను బి.ఎడ్. చేసి ఇంటి ఆచారం ప్రకారం బడిలో చేరాను. ఇప్పుడు పులివెందులలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం తర్వాత మందు ముట్టలేదు, దానికి నా గొప్పతనం కన్నా గొంతు జ్ఞాపకమే కారణం. మొన్న మా అమ్మాయికి బట్టలు కొందామని ప్రొద్దుటూరు వెళ్లాను. అంగడిలో బాగా బేరమాడి, కోపం నటించి, రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, వాళ్లను విసిగించి ధర తగ్గించాను. బస్టాండులో బిల్లు చూస్తే ఒక గౌను ధర వేయడం మరిచిపోయారు. తిరిగి వెళ్లి చెబుదామనే అనుకున్నాను. ఎండగా ఉంది. బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అంత పెద్ద అంగడికి ఒక గౌను ఏమంత లెక్క అని కూడా అనిపించింది. అలా అనుకుంటూనే ఎక్కి సీటు పట్టుకున్నాను. కౌంటరు పట్టుకుని ఊగుతూ, తగ్గింపు నాకక్కర్లేదని అరిచిన ఆ ఇరవై నాలుగేళ్లవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాడికి ఈ సంగతి తెలిస్తే బస్సు ఆపించి మరీ దిగేవాడు, అదీ చుక్క తాగకుండానే. నవ్వు ఆగాక, పక్క సీటాయన ఏమీ అడగకపోయినా, బట్టల సంచిని ఒళ్లోంచి తీసి ఆయనకు కనబడకుండా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను.